రాయి కాని రాయి: గోడ అబద్ధం చెబుతుందా?



ఈ వారం వీడియోలో వారణావతం లక్క ఇంటి కథ విన్నారు కదా. పైకి చక్కటి గోడ, లోపల వేరే సరుకు. ఆ కథ పట్టుకుని ఈసారి ఒక చిన్న ధర్మసందేహం రాస్తున్నాను. సందేహం చాలా మామూలుది. మన ఊళ్ళలో ఇప్పుడు చాలా ఇళ్ళకి ముందు వైపు రాతి గోడలా కనిపించే పలకలు అంటిస్తున్నారు. అది రాయి కాదు. చూసేవాళ్ళకి రాయిలా కనిపించాలనే దాన్ని అలా తయారు చేశారు. మరి అది అబద్ధమా? సత్యం పలకాలి అన్న నియమం నోటికేనా, గోడకి కూడానా?

నవ్వకండి. మామూలు కుటుంబం జీవితం మొత్తంలో ఎక్కువ డబ్బు పెట్టేది ఇంటి మీదే. ఆ ఇల్లు వీధిలోకి ఏం చెబుతోంది, లోపల ఉన్నవాళ్ళకి ఏం చెబుతోంది అన్నది ఆలోచించాల్సిన విషయమే. మా ఇంట్లో ఈ విషయం మీద మూడు వారాలు చర్చ నడిచింది. ఆ చర్చలో తేలిన విషయాలు మీకు కూడా పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు ఆ పలక ఏమిటో చూద్దాం

మార్కెట్లో దీన్ని స్టోన్ క్లాడింగ్ అంటారు, ఎలివేషన్ టైల్స్ అంటారు. అన్నీ ఒకటి కాదు. ఒక రకం సిమెంటుతో పోత పోసినది. నిజమైన రాతి ముక్కల మీద రబ్బరు అచ్చు తీసి, ఆ అచ్చులో సిమెంటు, తేలికపాటి కంకర, రంగు కోసం ఐరన్ ఆక్సైడ్ పొడి కలిపి పోస్తారు. ఆరాక తీస్తే రాతి గరుకు, పగులు, అంచు అన్నీ అచ్చు గుద్దినట్టు వస్తాయి. అచ్చు గుద్దిందే కదా మరి. రెండో రకం గుజరాత్ లోని మోర్బీ లాంటి చోట్ల తయారయ్యే టైల్స్. మట్టి పలక మీద రాతి ఫోటోని ప్రింట్ చేసి బట్టీలో కాలుస్తారు. మూడో రకం ఫోమ్ పలకలు. చేతిలోకి తీసుకుంటే అట్టముక్కంత తేలికగా ఉంటాయి. ఇవి కాక నిజమైన రాయినే పలుచగా కోసి అంటించేవి కూడా ఉన్నాయి. మన కడప, తాండూరు, బేతంచెర్ల బండలు అలా వాడతారు.

ఒక తమాషా చెప్తాను. పోత పలకల్ని కనిపెట్టడం సులభం. అచ్చులు కొన్నే ఉంటాయి కాబట్టి అవే ముఖాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. గోడ ముందు నిలబడి కాసేపు చూస్తే, ఇక్కడ ఎడమ మూల పగిలిన రాయి అక్కడ కూడా అదే మూల పగిలి కనిపిస్తుంది. అందుకే పని తెలిసిన మేస్త్రి నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి, ముక్కల్ని కలిపేసి, ఒకే రకం ముఖాలు పక్కపక్కన రాకుండా చూస్తాడు. రాండమ్ నంబర్లు తెప్పించడానికి మేము కోడ్ రాస్తాం. ఆయన కంటితో చేస్తాడు. ప్రకృతిలో ఏ రెండు రాళ్ళూ ఒకలా ఉండవు. నకలుకి ఆ సంపద లేదు.

మా ఇంటి సంగతి

మాది తెనాలి. నాన్నగారు ఉద్యోగంలో ఉండగా కట్టించిన డాబా ఇల్లు, ఇరవై ఏళ్ళ కిందటిది. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు కొత్తగా ఎలివేషన్ చేయించుకున్నారు. మధ్యలో మా ఇల్లు వెలిసిపోయిన పసుపు రంగుతో ఉంది. "ముందు గోడకి ఆ రాతి పలకలు వేయిద్దాంరా. వచ్చేవాళ్ళు ముందు చూసేది అదే కదా" అన్నారు నాన్నగారు. కొలిచి చూస్తే 320 చదరపు అడుగులు వచ్చింది. సరుకు, అంటించే గమ్ము, కూలీ కలిపి అడుగుకి 200 చెప్పారు. మొత్తం 64 వేలు. డబ్బు నేను హైదరాబాద్ నుంచి పంపాలి.

డబ్బు గురించి నాకు అభ్యంతరం లేదు. నా సందేహం వేరు. వెనక వైపు నానమ్మ గది ఉంది. వానాకాలం వస్తే ఆ గది గోడ చెమ్మెక్కుతుంది. నడుం ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పొంగి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచం మీద పడుతుంది. నానమ్మకి ఉబ్బసం. వెనక అలాంటి గోడ ఉంచుకుని ముందు గోడకి రాతి వేషం వేయడం నాకు సరిగా అనిపించలేదు. చెల్లి ఇంకో మాట అంది. "ముందు గోడ చూసి వచ్చే సంబంధం వెనక గది చూసి వెళ్ళిపోతుందా అన్నయ్యా? వెళ్ళిపోయేదైతే నాకు ముందే తెలియడం మంచిది కదా."

నాన్నగారు కూడా ఊరికే ఊరుకునే మనిషి కాదు. "మీ కంప్యూటర్ లో ఫోల్డర్ బొమ్మ ఉంటుంది. లోపల అట్ట ఫోల్డర్ ఉందా? చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. లోపల చెత్తబుట్ట ఉందా? అది అబద్ధం కానప్పుడు నా గోడ ఎలా అబద్ధం అవుతుంది?" అన్నారు. ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. అందుకే కొంచెం లోతుకి వెళ్ళి చూశాను.

అబద్ధమే అనేవాళ్ళ మాట

ఈ ప్రశ్నని గట్టిగా పట్టించుకున్నవాళ్ళలో ఒకరు ఇంగ్లండ్ కి చెందిన జాన్ రస్కిన్. గాంధీగారి మనసు మార్చిన పుస్తకం రాసింది ఈయనే. భవన నిర్మాణం గురించి 1849లో ఇంకో పుస్తకం రాశారు. అందులో ఒక అధ్యాయం మొత్తం సత్యం గురించే. ఒక వస్తువుని ఇంకో వస్తువులా కనిపించేలా రంగు వేయడం, అంటే చెక్కని పాలరాయిలా చూపించడం లాంటివి, మోసం కిందకే వస్తాయని ఆయన వాదన. చేతిపనికి, కష్టానికి మనం ఇచ్చే గౌరవాన్ని ఆ నకలు దొంగిలిస్తుందని ఆయన బాధ.

కానీ అదే రస్కిన్ ఒక మినహాయింపు ఇచ్చారు. భవనానికి బంగారు పూత పూస్తే అది మోసం కాదన్నారు. ఎందుకంటే భవనం మొత్తం బంగారంతో కట్టారని ఎవరూ అనుకోరు. అదే పూత ఒక నగ మీద ఉంటే మోసం. నగ చూసినవాళ్ళు అది బంగారమనే అనుకుంటారు.

ఇది చాలా పెద్ద మాట అండి. పూత ఒకటే. ఒక చోట నిజాయితీ, ఇంకో చోట మోసం. అంటే అబద్ధం పూతలో లేదు. చూసేవాడు దాన్ని ఏమని నమ్ముతున్నాడు అన్న దానిలో ఉంది. నాన్నగారి ఫోల్డర్ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరికింది. ఫోల్డర్ బొమ్మ చూసి లోపల అట్ట ఉందని ఎవరూ నమ్మరు.

వేదాంతంలో తాడు, పాము ఉదాహరణ మీకు తెలుసు. చీకట్లో తాడుని చూసి పాము అనుకున్నాడు. అందులో తాడు తప్పు లేదు. భ్రమ చూసేవాడిది. కానీ మన పలక విషయం అంత తేలిగ్గా తేలదు. తాడు పాములా కనిపించాలని కోరుకోలేదు. ఈ పలకని మాత్రం రాయిలా కనిపించాలనే చేశారు. చేసినవాడు ఉన్నాడు, కొన్నవాడు ఉన్నాడు. కాబట్టి ఉద్దేశం ఏమిటని అడగక తప్పదు.

అమరావతి స్తూపం ఏం చెబుతోంది

మా తెనాలికి దగ్గర్లోనే అమరావతి ఉంది. అక్కడి మహాచైత్యం ఒకప్పుడు చూసినవాళ్ళకి తెల్లని చెక్కుడు రాతితో మెరిసిపోయి ఉంటుంది. లోపల ఉన్నది మట్టి, ఇటుక. దాని చుట్టూ పల్నాటి సున్నపురాయి పలకలు తాపడం చేశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అదీ క్లాడింగే. ఆ పలకల్లో చాలా భాగం ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే స్తూపం దిబ్బలా మారుతోంది. పలకల్ని పీకి వేరే కట్టడాలకి వాడారు, కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు కూడా.

ఆ స్తూపాన్ని చూసి లోపల ఇటుక దాచారు, మోసం చేశారు అని ఎవరైనా అంటారా? అనరు. ఆ పలకలు లోపలి ఇటుకని కాపాడాయి. వాటి మీద జాతక కథలు చెక్కారు. స్తూపం బొమ్మనే స్తూపం పలక మీద చెక్కారు. ఎవరు దానం ఇచ్చారో వాళ్ళ పేర్లు రాశారు. అందులో గృహస్థులు ఉన్నారు, భిక్షుణులు ఉన్నారు, తోలు పని చేసే ఒకాయన కుటుంబం కూడా ఉంది. ఆ పలక తానెవరో, ఎవరి డబ్బుతో వచ్చిందో తనే చెప్పుకుంటోంది.

మన గుళ్ళ గోపురాలు కూడా చూడండి. చాలా పెద్ద గోపురాలకి కింద భాగం రాయి, పై అంతస్తులు ఇటుక. ఇటుక మీద సున్నం గచ్చుతో దేవతామూర్తుల్ని మలిచి రంగులు వేశారు. పైన కూడా రాయే పెడితే ఆ బరువు కింద పడుతుంది. తేలిక సరుకు ఎక్కడ వాడాలో వాళ్ళకి తెలుసు. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. గోడలు ఇసుకరాయి, పైన విమానం మాత్రం నీళ్ళ మీద తేలేంత తేలికైన ఇటుకలు. రాతి గుడి మీద ఇటుక పెట్టారని ఎవరూ తక్కువగా చూడలేదు.

కాబట్టి కప్పడం తప్పు కాదు. తేలిక సరుకు వాడటం తప్పు కాదు. నాన్నగారి వైపు బలం ఉంది. మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది?

భారతంలో రెండు ఇళ్ళు

మహాభారతంలో ఉన్నది ఒకలా, కనిపించేది ఇంకోలా ఉండే కట్టడాలు రెండు ఉన్నాయి. ఒకటి మయసభ, ఇంకోటి లక్క ఇల్లు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకి దారి దొరుకుతుంది.

మయసభ అనగానే మనకి దానవీరశూరకర్ణ సినిమాలో ఎన్టీఆర్ గారే గుర్తొస్తారు. నేలని చూసి నీళ్ళనుకుని బట్టలు పైకెత్తాడు దుర్యోధనుడు. నీళ్ళని చూసి నేలనుకుని పడిపోయాడు. మయుడు ఆ సభని ఎవరికీ హాని చేయాలని కట్టలేదు. అది పనితనం, వినోదం. పడినవాడికి బట్టలు తడిశాయి, అంతే. అసలు హాని ఎక్కడ జరిగింది? చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినప్పుడు. తెలిసినవాళ్ళు తెలియనివాణ్ణి చూసి నవ్వారు. ఆ నవ్వు ఎక్కడిదాకా పోయిందో మనకి తెలుసు.

లక్క ఇల్లు వేరు. దుర్యోధనుడు పురోచనుణ్ణి పిలిచి, జనపనార, గుగ్గిలం, నెయ్యి, నూనె, లక్క లాంటి మండే సరుకంతా కూర్చి కట్టమన్నాడు. మట్టిలో నెయ్యి, లక్క కలిపి గోడలకి పూయమన్నాడు. చూసినవాళ్ళకి అనుమానం రాకూడదు, అది షరతు. అక్కడ గోడ అందంగా ఉండటం అలంకారం కోసం కాదు. లోపల ఏముందో తెలియకుండా ఉండటం కోసం.

ధర్మరాజు ఆ గోడని వాసన చూసి పట్టేశాడు. నెయ్యి, లక్క కలిసిన వాసన వస్తోందని భీముడితో చెప్పాడు. విదురుడు ముందే హెచ్చరించాడు, సొరంగం తవ్వడానికి మనిషిని పంపాడు. ఇల్లు తగలబడిన రాత్రి పాండవులు బయటపడ్డారు. ఆ రాత్రి భోజనానికి వచ్చి అక్కడే నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారు. వాళ్ళని అక్కడ వదిలేయడం ధర్మమా అన్నది వేరే పెద్ద చర్చ, దాన్ని ఇక్కడ కదపను. ఒక్క విషయం మాత్రం చూడండి. గోడలో ఏముందో తెలిసినవాళ్ళు బతికారు. తెలియనివాళ్ళు ఆ గోడని నమ్మి పడుకున్నారు.

నాకు ఈ చోట విషయం తేటపడింది. గోడ ఏ సరుకులా కనిపిస్తోంది అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ గోడని నమ్మి ఎవరు దాని పక్కన పడుకుంటున్నారు, వాళ్ళకి తెలియాల్సింది తెలుసా అన్నది అసలు ప్రశ్న.

లండన్ లో ఒక లక్క ఇల్లు

ఇది పురాణంలోనే జరిగింది, ఇప్పుడెందుకు అనుకోకండి. లండన్ లో గ్రెన్‌ఫెల్ టవర్ అని 24 అంతస్తుల భవనం ఉండేది. ఎక్కువగా సామాన్య కుటుంబాలు ఉండేవి. పాత భవనం కదా అని బాగు చేయించి, బయట అంతా కొత్త పలకలు బిగించారు. ఆ పని 2016లో పూర్తయింది. చలి తగ్గించడం ఒక ఉద్దేశం, చుట్టుపక్కలవాళ్ళకి చూడటానికి బాగుండటం ఇంకో ఉద్దేశం. పలకకి రెండు వైపులా పలుచని అల్యూమినియం రేకు, మధ్యలో పాలిథిన్. మనం సంచులకి వాడే ప్లాస్టిక్ జాతిదే.

2017 జూన్ 14 అర్ధరాత్రి దాటాక నాలుగో అంతస్తులో ఒక వంటింట్లో ఫ్రిజ్ దగ్గర నిప్పు పుట్టింది. మామూలుగా అయితే ఆ వంటింట్లోనే ఆగాల్సిన మంట, బయట పలకలకి అంటుకుని భవనం పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. విచారణ చాలా ఏళ్ళు సాగి 2024 సెప్టెంబరులో తుది నివేదిక వచ్చింది. ఆ సరుకు తయారు చేసి అమ్మినవాళ్ళలో ఒక పద్ధతి ప్రకారం సాగిన మోసం ఉందని అందులో తేల్చారు. ఆ చావులన్నీ తప్పించదగినవేనని కూడా చెప్పారు. ఇంగ్లండ్ లో 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడలకి మండే సరుకు వాడకూడదని 2018లోనే నిషేధం తెచ్చారు.

అక్కడ నివసించిన ఏ కుటుంబమూ ఆ పలకల్ని ఎంచుకోలేదు. అందులో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వారణావతంలో నిద్రపోయిన ఆ తల్లి, ఐదుగురు పిల్లల కథ నాకు ఇక్కడ మళ్ళీ కనిపించింది.

మన దగ్గర కూడా షాపుల ముందు అల్యూమినియం షీట్లు, ఇళ్ళలో ఫోమ్ రాళ్ళు విపరీతంగా వస్తున్నాయి. సిమెంటుతో పోసిన పలక మండదు. ఫోమ్ కి నిప్పంటుకునే స్వభావం ఉంది. గోడకి ఎక్కాక రెండూ ఒకే రాయిలా కనిపిస్తాయి. కొనేటప్పుడు ఇది దేనితో చేశారు, మండుతుందా అని గట్టిగా అడగండి. వంటింటి దగ్గర, కరెంటు మీటరు దగ్గర, దేవుడి దీపం పెట్టే చోట మరీ జాగ్రత్త.

మేస్త్రి గోడ మీద కొట్టి చూశాడు

ఇక మా ఇంటికి వద్దాం. మేస్త్రి గారు వచ్చి పలకల గురించి ఒక్క మాటా మాట్లాడకుండా తాపీ పిడితో గోడంతా టక్ టక్ మని కొట్టుకుంటూ వెళ్ళారు. కొన్ని చోట్ల గట్టి చప్పుడు, కొన్ని చోట్ల బోలు చప్పుడు. బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీశారు. పిట్టగోడ కింద, నీళ్ళ గొట్టం పక్కన గీతలు ఎక్కువ పడ్డాయి. "ఇక్కడ ప్లాస్టింగ్ లేచిపోయిందండీ. డాబా మీంచి నీళ్ళు దిగుతున్నాయి. దీని మీద పలక అంటించమంటే అంటిస్తాను. రెండు వానలకి పలకతో పాటు ప్లాస్టింగ్ కూడా ఊడి కింద పడుతుంది" అన్నారు.

అడిగితే వివరంగా చెప్పారు. పాత గోడ మీద రంగు ఉంటే గమ్ము పట్టదు, చిప్పింగ్ చేసి గరుకు చేయాలి. బోలు చోట్ల ప్లాస్టింగ్ తీసేసి కొత్తది వేసి, నీళ్ళు కొట్టి ఆరనివ్వాలి. అప్పుడు దుమ్ము కడిగి, పళ్ళున్న తాపీతో గమ్ము పరిచి, పలక వెనక కూడా పూసి, రసమట్టం పెట్టి కింద వరస సరి చూసుకుని పైకి వెళ్ళాలి. నేలకి ఆనించకుండా కొంచెం ఎడం వదలాలి, లేకపోతే నేల తడిని పలక పీల్చుకుంటుంది. ఎత్తులో బరువు పలకలు వేస్తే గమ్ముతో పాటు క్లాంపులు కూడా బిగించాలి. అన్నిటికంటే ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడ ఆపాలి.

తడి గోడ మీద పలక వేస్తే ఏమవుతుందో కూడా చెప్పారు. పలక లేనప్పుడు ఆ తడి ఎండకి ఎంతో కొంత ఆరిపోతుంది. పలక వేశాక ఆరే దారి ఉండదు. లోపలే నిలిచి ఉప్పు పొంగి పలకని వెనక నుంచి నెడుతుంది. బయటికి మరక కూడా కనిపించదు కాబట్టి ఎవరికీ తెలియదు. మరక కనిపించినంత కాలం గోడ మనకి నిజం చెబుతూనే ఉందన్నమాట. దాని మీద కప్పు వేసి నోరు మూయిస్తాం.

మా పనిలో కూడా ఇలాంటిది ఉంది. ప్రోగ్రాంలో ఎక్కడో ఎర్రర్ వస్తుంటుంది. దాన్ని సరిచేయకుండా, ఎర్రర్ ని మింగేసి స్క్రీన్ మీద సక్సెస్ అని చూపించేలా కోడ్ రాయవచ్చు. చూడటానికి అంతా పచ్చగా ఉంటుంది. ఆ స్క్రీన్ ని నమ్మి డబ్బు కట్టినవాడికి తర్వాత తెలుస్తుంది. స్క్రీన్ అందంగా ఉండటం తప్పు కాదు. ఎర్రర్ ని దాచడం తప్పు. తేడా అంతా అక్కడే.

దంభమా, మర్యాదా

సరే, గోడ గట్టిది, పలక మండదు, ఎవరి మీదా పడదు అనుకుందాం. అప్పుడైనా ఇంకో ప్రశ్న మిగులుతుంది. లేని గొప్ప చూపించుకోవడం సంగతేమిటి?

భగవద్గీత పదహారో అధ్యాయంలో ఆసురీ గుణాల జాబితా ఉంది. అందులో మొట్టమొదటిది దంభం. ఉన్నదానికన్నా గొప్పగా కనబడాలనే కోరిక. గోడకి రాతి వేషం వేయడం దంభం కిందికి వస్తుందా?

ఇక్కడ నాన్నగారు చెప్పిన మాట నాకు నచ్చింది. "చుట్టాలొస్తే ఇల్లు ఊడ్చి ముగ్గు పెడతాం. రోజూ అంత శుభ్రంగా ఉంటామా? ఉండం. అది మోసమా? వచ్చేవాళ్ళకి ఇచ్చే మర్యాదరా." నిజమే. అలంకారం ఎదుటివాళ్ళ కోసం చేస్తే మర్యాద. ఎదుటివాళ్ళని కొలవడానికి, వాళ్ళ కన్నా పైన నిలబడటానికి చేస్తే దంభం. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే పని. అందుకే మన పెద్దలు దంభాన్ని పక్కవాడిలో వెతకమనలేదు, తనలో వెతుక్కోమన్నారు.

దంభానికి ఒక గుర్తు మాత్రం ఉంది. అది ఎప్పుడూ లోపలివాళ్ళ వాటా తినేస్తుంది. వీధిలోకి కనిపించే గోడకి 64 వేలు పెట్టి, మంచం మీద పెచ్చులు పడుతున్న గదికి వచ్చే ఏడు చూద్దాం అంటే, అక్కడ పలక తినేసింది నానమ్మ వాటాని. ఈ మాట నాన్నగారికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. మేస్త్రి గీసిన సుద్ద గీతలు చూసి ఆయనే, "ముందు డాబా సంగతి, అమ్మ గది సంగతి చూడండి. మిగిలితే ముందు గోడ" అన్నారు.

డాబాకి వాటర్‌ప్రూఫింగ్, నీళ్ళ గొట్టం మార్పు, నానమ్మ గదికి కొత్త ప్లాస్టింగ్, ముందు గోడలో బోలు చోట్ల మరమ్మతు. వీటికే సుమారు 50 వేలు అయింది. మిగిలిన డబ్బుతో గుమ్మం చుట్టూ, వరండా రెండు స్తంభాలకి మాత్రం పోత పలకలు వేయించారు. ముందు గోడకి మామూలు రంగే. చూడటానికి బాగానే ఉంది. మొన్న సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు పెళ్ళికొడుకు తండ్రిగారు స్తంభం మీద చెయ్యేసి "ఏ ఊరి రాయండీ ఇది?" అని అడిగారు. "రాయి కాదండీ, సిమెంటుతో పోసింది. ఖరీదు తక్కువ, చూపు బాగుంటుంది" అన్నారు నాన్నగారు. ఆయన నవ్వి, షాపు అడ్రసు అడిగి రాసుకున్నారు. సంబంధం ఇంకా తేలలేదు. మాట్లాడుకుంటున్నారు.

నేను మాత్రం ఆ జవాబు దగ్గరే ఆగిపోయాను. అడగ్గానే చెప్పగలిగారు కాబట్టి ఆ స్తంభం అబద్ధం కాలేదు. అదే పలక ఉన్న ఇంకో ఇంట్లో ఇదే ప్రశ్నకి "కడప నుంచి తెప్పించాం" అని జవాబు వస్తే, ఆ క్షణం నుంచి అది అబద్ధం అవుతుంది. గోడకి నోరు లేదు. దాని తరఫున మాట్లాడేది మనమే. సత్యవ్రతం గోడకి వర్తిస్తుందా అని మొదట్లో అడిగాను కదా. గోడ ఉన్న ఇంటివాడికి వర్తిస్తుంది.

అడగవలసిన మూడు ప్రశ్నలు

మీ ఇంటికి ఇలాంటి పని చేయించాలనుకుంటే, డిజైను ఎంచుకునే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది. ఈ పలక వెనక ఏం ఉంది? గోడ కొట్టి చూపించమని మేస్త్రిని అడగండి. తడి, పగులు, బోలు ఉంటే అవి బాగుచేశాకే పలక. చేయాల్సిన పనికి బదులుగా వేసే పలక మాత్రం వద్దు.

రెండోది. దీన్ని నమ్మి దీని కింద, దీని పక్కన ఉండేది ఎవరు? అద్దెకి వచ్చేవాళ్ళు, పనిమనిషి, ఆ గోడ నీడలో ఆడుకునే వీధి పిల్లలు, రేపు ఇల్లు కొనేవాళ్ళు. దీనివల్ల వాళ్ళకి హాని ఉందా? ఉంటే వాళ్ళకి తెలుసా? ఇల్లు అమ్మేటప్పుడు పలక కింద పగులు ఉందని చెప్పకపోతే, మనం అమ్మింది చిన్న లక్క ఇల్లే.

మూడోది. ఇది ఏమిటని ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పగలమా? చెప్పగలిగితే వేయించుకోండి, ఆనందంగా ఉండండి. చెప్పడానికి సిగ్గు అనిపిస్తే ఆ సిగ్గు ఎందుకో ఒకసారి కూర్చుని ఆలోచించండి. పలక ఖర్చు కన్నా ఆ ఆలోచన విలువైనది.

ఈ మూడూ గోడలకే కాదండి. మన మాటతీరుకి, ఫోన్లో పెట్టుకునే ఫోటోలకి, నుదుటి మీద పెట్టుకునే బొట్టుకి కూడా వర్తిస్తాయి. బయట చక్కగా ఉండటానికి శాస్త్రం ఎక్కడా అడ్డు చెప్పలేదు. వెనక తడి ఉంటే ముందు దాని సంగతి చూసుకోమంది. వానలు మొదలయ్యేలోపు ఒకసారి మీ డాబా ఎక్కి చూసి రండి.